నీళ్ల దిబ్బ మీద చెవియొగ్గిన తల్లి

గొందిపేట, చౌటూరు, ఎర్రబయలు దారులు కలిసే చోట బస్సు దిగిన భక్తులకు మొదట వినపడేది తగాదా. హోటలు ముందు బల్లల మీద మూడూళ్ల వాళ్లూ కూర్చుని, ఈ మూడింటిలో కాపురానికి ఏ ఊరు అధ్వానమో తేల్చుకుంటూ ఉంటారు. గొందిపేట మురుగుకాలువలు, చౌటూరు నీళ్లు, ఎర్రబయలు కరెంటు వరసగా చర్చకు వస్తాయి. తన ఊరు అధ్వానమని ఒక్కడూ ఒప్పుకోడు. భయపడవలసిన పని లేదు. టీ చల్లారేలోగా గొంతులు తగ్గుతాయి. అదే మనుషులు చెప్పులు విడిచి గుడి బాట ఎక్కాక ఎలా మాట్లాడతారో చూడవలసినదే.

చెరువు కట్ట నుంచి రాతి బాట మీదుగా నడిస్తే నీళ్ల నడుమ ఉన్న దిబ్బ చేరుతాము. అక్కడే అమ్మవారి గుడి. అమ్మ చేతిలో ఆయుధం లేదు. ఎడమచేయి నడుముకు ఆనించి, కుడిచేయి చెవి వెనక పెట్టుకొని, కొంచెం ముందుకు వంగి నిలబడి ఉంటుంది. దూరాన ఎవరో ఏదో చెబుతుంటే సరిగా వినపడని మనిషి నిలబడినట్టే ఉంటుంది. అమ్మ అలా ఎందుకు నిలిచిందో తెలియక దండం పెట్టుకొని పోయేవారే ఎక్కువ. వారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ చెరువు లేదు. పారే వంక ఒకటి, దాని ఒడ్డున పల్లపు భూమి, ఆ పల్లంలో ఈ దిబ్బ ఉండేవి. ఆ పల్లం మాదంటే మాదని మూడూళ్లూ తరతరాలుగా కొట్టుకునేవి. పక్క ఊరికి పోతుందన్న కడుపుమంటతో ఎవరూ దున్నక, ఎవరినీ దున్ననీయక బీడు పెట్టారు. వరసగా వానలు తప్పిన కాలంలో ఈ సీమను ఏలే పాలెగాడు రాయపనాయడు వంకకు అడ్డంగా కట్ట వేయించాలని తలచాడు. కట్ట ఎక్కడ వేసినా ఏదో ఒక ఊరు మునుగుతుందని మూడూళ్ల పెద్దలూ చెప్పారు. ఏ ఊరిని ముంచాలో తేల్చే భారం ఆయన ఊళ్ల మీదే పెట్టాడు. మూడూళ్ల వాళ్లనూ దిబ్బ దగ్గరకు పిలిపించి, చుట్టూ బల్లెపు బంట్లను నిలబెట్టాడు.

"మీలో ఏ ఊరు కాపురానికి పనికిరాదో మీరే చెప్పండి. దాన్ని ముంచుతా" అన్నాడు.

ఇక చూడాలి. అంతకు ముందు రోజు వరకూ ఒకరికొకరు పిల్లనిచ్చుకున్న మనుషులు చేతులు చాచి తిట్టుకున్నారు.

"గొందిపేట సందుల్లో పాడె తిరగదు దొరా! సచ్చినోన్ని నిలబెట్టి తీసకపోతారు."

"చౌటూరు నీళ్లు తాగితే పండ్లు గారపట్టి ఊడతాయి. నోరు తెరిపించి చూడు సామీ!"

"ఎర్రబయల్లో గాలొస్తే కూట్లో దుమ్మే. తినేది కూడో మన్నో వాళ్లకే తెలీదు!"

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, అక్కడ ఎవరూ నవ్వలేదు. ఓడిన ఊళ్లో ఇళ్లూ, గొడ్లూ, తాతముత్తాతల సమాధులూ నీళ్ల పాలవుతాయి. కర్రలు లేచాయి. బంట్లు బల్లేలు ముందుకు చాచారు. చివరికి మూడు పక్షాలూ ఒకే సాక్షిని పిలిచాయి. ఆమె పేరు మారెక్క. గొందిపేట నేతగాళ్ల ఇంట పుట్టి, చౌటూరు కోడలై, మొగుడు పోయాక ఎర్రబయలుకు కూలికి చేరిన మనిషి. మూడు నీళ్లూ తాగింది గనుక ఆమె మాట చెల్లుతుందని పాలెగాడూ ఒప్పుకున్నాడు.

మారెక్క దిబ్బ ఎక్కింది. ఆమె నోట ఏ పేరు వస్తే ఆ ఊరు ఇక ఉండదు.

"అన్నిటికన్నా పాడు చోటు ఇదే దొరా" అని కాలి కింద నేలను చూపింది. "ఈ పల్లం కోసం ఎన్ని తలకాయలు పగిలినాయో నాకు తెలుసు. ఒగని ఊరిని ఇంగొగడు ముంచమని అడిగింది గూడా ఈడనే. దీన్నే ముంచు."

కట్ట వేసే వొడ్డెల పెద్ద పల్లాన్ని కలయజూసి, నీళ్లు నిలుస్తాయని తల ఊపాడు. పంతం కొద్దీ ఆ పల్లాన్ని లెక్కలోంచి తీసేసిన మూడూళ్ల పెద్దలూ తల దించుకున్నారు. పాలెగాడికి మాత్రం మనసు చివుక్కుమంది. తాను పెట్టిన కూటంలో తీర్పు ఒక కూలి మనిషి చెప్పడం ఆయనకు మింగుడుపడలేదు.

"కాపురం లేని చోటు చెడ్డదో మంచిదో నీకెట్ల తెలుస్తాది? ఈ దిబ్బ మీద కాపురముండి చూడు. కట్ట పూర్తయ్యేలోగా నువ్వు దిగిపోతే, మూడూళ్లలో నాకు నచ్చినదాన్ని ముంచుతా" అన్నాడు.

మారెక్క ఆ మాటకు కట్టుబడి దిబ్బ మీద పాక వేసుకుంది. కట్ట లేచింది. ఆఖరి రాయి పడ్డ నాడే వాన మొదలైంది. ఏళ్ల తరబడి రాని వాన అంతా ఒక్కసారిగా వచ్చినట్టు కురిసింది. మూడూళ్లూ బతికిపోయాయి. నీళ్లు దిబ్బను చుట్టుముట్టాయి.

ఊళ్ల వాళ్లు పుట్టి పడవలు తీసుకొని కట్ట మీదికి పరుగెత్తారు. ఆమెను దించుకోవాలన్న ఆత్రం నిజమే. కాని అక్కడా పాత బుద్ధే.

"మా ఊరికి రా మారెక్కా, చౌటూరోళ్లు నీకు కడుపుకు పెట్టరు!"

"గొందిపేటకు పోతే ఊపిరాడదు మ్మే, మా పుట్టి ఎక్కు!"

మారెక్క పుట్టిని వద్దంది. నీళ్ల అవతలి నుంచి గొంతెత్తి చెప్పింది: "ఇంగా పక్కూరినే తిడతాండారు. రేపు ఇంగో దొర వచ్చి అడిగితే మళ్లీ ఇదే పని చేస్తారు. మీ ఊర్లో ఏం తప్పుందో మీ నోటితో చెప్పండి. మూడూళ్లూ చెప్తే పుట్టి ఎక్కుతా."

ముందు మీరు చెప్పండంటే మీరు చెప్పండని కట్ట మీద ఒకరినొకరు తోసుకున్నారు. నీళ్లు ఆమె మోకాళ్లు దాటాయి.

గొందిపేట నేతగాళ్ల పెద్ద ముందుకు వచ్చాడు. "అద్దకం నీళ్లు వంకలో వదిలేది మేమే! కింద ఊర్లల్లో గొడ్లు సచ్చినా కప్పిపెట్టినాం!" అని అరిచాడు. నీళ్లు నడుముకు వచ్చాయి. చౌటూరు కరణం ఏడుస్తూ నోరు విప్పాడు. "మా పెరట్లో తియ్యనీళ్ల బాయి ఉంది తల్లీ! నీ మొగుడు జరంతో దప్పి దప్పి అంటాంటే నిన్ను చేద వెయ్యనియ్యలే!" మారెక్క ఒక్క క్షణం కళ్లు మూసుకొని, మళ్లీ తెరిచింది.

మిగిలింది ఎర్రబయలు. దాని పెద్ద ఓబిరెడ్డి మీసం మీద చేయి వేసుకొని నిలబడ్డాడు. "మా ఊర్లో ఏం తప్పు లేదు" అన్నాడు. ఆ ఊరి ఆడవాళ్లు అతని కాళ్లు పట్టుకున్నారు. నీళ్లు మారెక్క ఎద దాకా వచ్చాయి. పుట్టివాళ్లు తాళ్లు విప్పి సిద్ధంగా ఉన్నారు. అప్పుడు ఓబిరెడ్డి పెదవులు కదిలాయి. పక్క ఊళ్ల వాళ్లు వింటారేమోనన్న సిగ్గుతో గొంతులోనే గొణిగాడు.

మారెక్క కుడిచేయి చెవి వెనక పెట్టుకొని ముందుకు వంగింది. "వినపల్యా రెడ్డీ! గట్టిగా చెప్పు!" అంది. అప్పుడే పైనుంచి వంక విరుచుకుపడింది. అల తగ్గాక చూస్తే దిబ్బ కనపడలేదు, మారెక్కా కనపడలేదు.

ఆ నాటి నుంచి ఓబిరెడ్డికి కునుకు పడితే చాలు, మారెక్క చెవి దగ్గర చేయి పెట్టుకొని కలలో నిలబడేది. "వినపల్యా రెడ్డీ" అనేది, అంతే. తిట్టేది కాదు. తిట్టినా బాగుండునని అతను భార్యతో చెప్పుకొని ఏడ్చాడట. తిండి మానాడు. చివరకు ఒక తెల్లవారుజామున మూడూళ్ల వాళ్లనూ తానే పిలిచి, కట్ట మీద నిలబడి గొంతు చిరిగేటట్టు అరిచాడు:

"ముసురులో తడుస్తా మారెక్క మా ఊరికొచ్చి తలుపులు కొట్టింది! మొగుడు సచ్చినది, తలుపు తియ్యొద్దని ఊరికి చెప్పింది నేనే! ఊరి బయట గొడ్లపాకలో పండబెట్టింది నేనే!"

అరుపు నీళ్ల మీదుగా పోయి దిబ్బ ఉన్న చోటికి తగిలింది. చూస్తుండగా నీటి మట్టం దిగి దిబ్బ బయటపడింది. దాని మీద పాక లేదు, మనిషి లేదు. చెవి వెనక చేయి పెట్టుకొని వంగిన శిల ఒకటి నిలిచి ఉంది. ఓబిరెడ్డి ఈదుకుంటూ పోయి ఆ శిల పాదాల మీద పడ్డాడు. తరువాత ఎన్ని వానలు వచ్చినా నీళ్లు దిబ్బను ముంచలేదు.

ఆ ఒప్పుకోలే ఆచారమై నేటికీ సాగుతున్నది. ఈ గుడిలో అర్చన గోత్రనామాలతో మొదలు కాదు. భక్తుడు అమ్మ ఎదుట నిలిచి తన ఊరి పేరు చెప్పి, తన ఊళ్లో ఉన్న తప్పు ఒకటి చెప్పాలి. పక్క ఊరి మాట ఎత్తితే పూజారి హారతి పళ్లెం పక్కన పెట్టేస్తాడు. ఏటా తొలివానల పూజలో గొందిపేట, చౌటూరు వాళ్ల తరువాత ఎర్రబయలు వాళ్లు చెబుతారు. ఆ రోజు వాళ్లు మాత్రం గుడిలోకి రారు. కట్ట దగ్గరే, ఎద దాకా నీళ్లలో దిగి చెబుతారు. అలా చెప్పిన ఊరికి మంచినీటి కరువు రాదనీ, విడిపోయిన బంధువులు మాట కలుపుకుంటారనీ పెద్దల నమ్మకం.

హోటలు దగ్గర తగాదా పడి వచ్చినవారు కూడా ఇక్కడ అమ్మ కృపకు పాత్రులే. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇక్కడ మనసులో మొక్కుకుంటే చెల్లదు. సిగ్గుపడి గొణిగిన వారిని పూజారి ఏమీ అనడు, తన చేయి చెవి వెనక పెట్టుకొని ఎదురు చూస్తాడు. వెనక వరసలో ఉన్నవారు కూడా తోసుకోకుండా ఆగుతారు. దయచేసి గట్టిగా చెప్పండి.