నీటి నడక తెలిసిన చుక్కమ్మ

కొండ మీది అడవిలో, ఒక చిన్న సెలయేటి మడుగులోని మచ్చల చేపలు ఒకప్పుడు వరుసగా నిలిచి తినేవి. ఇప్పుడు అలా తినడం లేదు. ఆ అలవాటు ఎలా పోయిందో చెబుతాను. పిల్లలూ, దగ్గరగా కూర్చోండి.

ఆ చేపలన్నీ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, ఒకదాని వెనుక ఒకటి నిలిచేవి. అన్నిటికంటే ముందు చుక్కమ్మ ఉండేది. నీటిమీద ఏ పురుగు పడినా మొదట ఆమె చూసేది. పురుగు నీటితోపాటే సాగిపోతే తోక ఊపేది. అప్పుడే వెనుకనున్న చేపలు నోరు తెరిచేవి. అన్నీ తిన్న తరువాత, మిగిలితే, చుక్కమ్మ తినేది. ఆమె వెనుకనే తమ్ముడు బండయ్య నిలిచేవాడు.

ఒక వేసవిలో ఏరు సన్నబడింది. పురుగులు తగ్గిపోయాయి. ఆ రోజుల్లోనే దిగువ మడుగు నుంచి ఒక ఎండ్రకాయ వణుకుతూ వచ్చింది. అక్కడ గట్టుమీద ఒక మనిషి నిలబడుతున్నాడని, పురుగు కోసం పైకి లేచిన చేపలు మళ్లీ కిందికి దిగడం లేదని చెప్పింది. ఆ పురుగుకు రెక్కలూ ఉన్నాయట, కాళ్లూ ఉన్నాయట.

"మరి దాన్ని గుర్తుపట్టడం ఎలా?" అని చుక్కమ్మ అడిగింది.

"నీరు ఒక దారిన పోతుంటే, అది ఇంకొక దారిన పోతుంది," అని చెప్పి, ఎండ్రకాయ రాతి సందులోకి దూరింది. మళ్లీ బయటికి రాలేదు.

ఆనాటి నుంచి చుక్కమ్మ మరింత సేపు చూడసాగింది. ఆమె చూస్తుండగానే పురుగులు మడుగు దాటి కొట్టుకుపోయేవి. వెనుకనున్న చేపలకు కడుపు మాడేది.

"అక్కా, నీ తోక ఊగేలోగా పురుగు ముసలిదై చచ్చిపోతోంది. దాన్ని తినాలా, దానికి దినం పెట్టాలా?" అన్నాడు బండయ్య.

చుక్కమ్మ కోప్పడలేదు. ఒక పూట పస్తుంటే ఎవరూ చావరని మెల్లగా చెప్పింది.

మరునాడు గట్టున గులకరాళ్లు కదిలిన చప్పుడు నీటిలోకి దిగింది. ఒక పొడవైన నీడ మడుగు మీద పడి, అక్కడే నిలిచిపోయింది. చేపలన్నీ బిగుసుకుపోయాయి.

నీటిమీద ఒక చీమ పడింది. బండయ్య తోక కోసం ఆగకుండా పైకి లేచి మింగాడు. ఏమీ కాలేదు. తరువాత ఒక మిడుత పడింది. దాన్నీ మింగాడు. ఏమీ కాలేదు. తన అక్క భయానికే తిండి పెడుతోంది తప్ప తమకు పెట్టడం లేదని వెనుకవాటితో అన్నాడు. అవి నవ్వాయి. నవ్వుతూనే నీడ వైపు చూశాయి.

మూడవది పడింది. సన్నని రెక్కలు, గోధుమరంగు ఒళ్లు. నీరు దాని కింద నుంచి జారిపోతోంది. అది మాత్రం అడ్డంగా, గట్టు వైపు పాకుతోంది.

"ఆగు తమ్ముడూ. అది నీటితో నడవడం లేదు," అంది చుక్కమ్మ.

బండయ్యకు ఆ మాట వినిపించింది. విని కూడా లేచాడు.

అది పురుగు కాదు. కోడి ఈకలు కట్టిన గాలపు కొక్కెం. అది అతని పెదవిలో దిగింది. గింజుకున్నకొద్దీ దారం బిగిసింది. వెనుకనున్న చేపలు చెల్లాచెదురై రాళ్ల కిందికి పారిపోయాయి. ఆ వరుస మళ్లీ ఏనాడూ కుదరలేదు. ఈనాటికీ ఆ చేపలు ఒక్కొక్కటి ఒక్కో రాయి కింద నక్కి, భయంభయంగా, ఒంటరిగా తింటాయి.

చుక్కమ్మ పారిపోలేదు. దారం తమ్ముణ్ణి గట్టు వైపు లాగుతుంటే పక్కనే ఈదుతూ వెళ్లింది. చివరికి వీపు కూడా మునగని చోటికి చేరారు.

"అక్కా, నువ్వు వెళ్లిపో," అన్నాడు బండయ్య.

"వెళతానులే. ముందు నీరు వచ్చే వైపు తిరుగు. ఊపిరి ఆడుతుంది."

మనిషి చేతివల అందుకోవడానికి వంగాడు. దారం ఒక్క క్షణం వదులైంది. అక్కా తమ్ముడూ ప్రవాహానికి ఎదురుగా తిరిగి, చివరిసారిగా పక్కపక్కన నిలిచి, చల్లని నీటిని నోటినిండా పీల్చుకున్నారు.

నీతి: మన మేలు కోరేవారు ఆగమన్నప్పుడు ఆగాలి. రెండుసార్లు ఏమీ కాలేదన్న ధైర్యం మూడవసారి మనల్ని కాపాడదు.