దాలమ్మ పొయ్యి

అనగనగా, అగ్గిపుల్ల ఇంకా పుట్టని కాలంలో, ముసురువలస అని ఒక ఊరు. తన నీడను కూడా తను నమ్మని ఊరు. పొద్దున ముంతలో ఎన్ని నీళ్ళున్నాయో గుర్తు పెట్టుకుని సాయంత్రం మళ్ళీ చూసుకునే ఊరు.

అప్పట్లో పొయ్యి ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి వెళ్ళి నిప్పు తెచ్చుకునేవారు. ముసురువలసలో దానికో కట్టుబాటు ఉండేది. నిప్పు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు చుట్టాలైపోయినట్టే. అందుకే కొత్తవాళ్ళకు ఎవరూ నిప్పు ఇచ్చేవారు కాదు.

ఆ ఊరికి దాలమ్మ వచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు, నెత్తిన ఒక కుండ. ఊరి చివర గుడిసె వేసుకుని, పిడక పట్టుకుని మొదటి గడపకు వెళ్ళింది.

"నువ్వెవరి తాలూకా?" అన్నారు.

"ఎవరి తాలూకా కానమ్మా."

"అయితే మా పొయ్యి ఆరిపోయింది."

రెండో గడపలోనూ అదే మాట. మూడో గడప ఊరి పెద్ద జగ్గునాయుడిది. అక్కడా అదే మాట. ఆయన వెనక పొయ్యి మండుతూనే ఉంది.

దాలమ్మ వచ్చి చల్లటి పొయ్యి ముందు కూర్చుంది. సందెవేళకు వల్లకాటి వైపు నుంచి ఒక కొరివిదెయ్యం పిల్ల వచ్చింది. దోసెడు మంట, దానికి రెండు కళ్ళు. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరి తాలూకా అని దాలమ్మ అడగలేదు. ఆ మాట ఎంత నొప్పో ఆమెకు తెలుసు.

"రా, కూచో," అంది.

అది పొయ్యిలో ముడుచుకుని పడుకుంది. ఆ వెచ్చదనానికి యజమాని తోలేసిన కుంటి గాడిద వచ్చింది. "రా, కూచో." మేళంవాళ్ళు వదిలేసిపోయిన ముసలి డోలువాడు వచ్చాడు. "రా, కూచో." వాళ్ళంతా ఒకే కుండలో గంజి పంచుకున్నారు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా. మనం ఇవ్వని నిప్పు దీనికెక్కడిదని ఊరు చెవులు కొరుక్కుంది. పాలు విరిగినా దాలమ్మే, పిల్ల తుమ్మినా దాలమ్మే. ఒకతె తడికకు కన్నం పెట్టి చూసింది. ఒకడు చూరెక్కి చూశాడు. చివరికి జగ్గునాయుడే వచ్చాడు.

"నీ పొయ్యిలో నిప్పు ఎవరింటిది?"

"మా ఇంటిదే బాబూ."

"అమావాస్యలోగా ఊరొదిలి పో," అన్నాడు నాయుడు.

అమావాస్య కంటే ముందు ముసురు వచ్చింది. చూర్లు కారి ఊళ్ళో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. ఈసారి అబద్ధం కాదు. నాయుడి కూతురు పచ్చి బాలింత. పసిగుడ్డు చలికి నీలబడుతోంది. నాయుడు తాటాకు గొడుగు కింద పిడక దాచుకుని దాలమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరి తాలూకా అంటుందేమోనని భయపడ్డాడు.

"రా, కూచో బాబూ," అంది దాలమ్మ. నాయుడు పసిగుడ్డు సంగతి, ఊళ్ళో ఆరిపోయిన పొయ్యిల సంగతి చెప్పాడు.

పొయ్యిలోంచి కొరివిపిల్ల అంది: "అమ్మా, ఇంటింటికీ పంచితే ఇక్కడ నేను మిగలను. పిలవని ఇంట్లో నేను మండలేను."

దాలమ్మ పొయ్యి గట్టును చేత్తో నిమిరింది. అయినా, "అక్కడ పసిబిడ్డ ఉందమ్మా, వెళ్ళు," అంది. నాయుడి వైపు తిరిగింది. "ఇది నా కూతురు బాబూ. గడపలో నిలబెట్టకండి. రా, కూచో అని పిలవండి."

నాయుడు పిడక మీది కణికల్ని అనుమానంగా చూశాడు. "కరవదు కదా?" అన్నాడు.

ఇంటింటా పిలిచారు. ఇంటింటా పొయ్యి రాజుకుంది. పసిగుడ్డు కెవ్వుమంది. దాలమ్మ పొయ్యి మాత్రం చల్లబడింది. మర్నాడు తెల్లారేసరికి గుమ్మంలో ఊరంతా నిలబడి ఉంది. అందరి చేతుల్లోనూ నిప్పు పిడకలే.

చాలా ఏళ్ళకు దాలమ్మ పోయింది. కాటికాపరి కొత్తవాడు. "ఈమె ఎవరి తాలూకా? తలకొరివి ఎవరు పెడతారు?" అని అడిగాడు.

ప్రతి ఇంటివాళ్ళూ తమ పొయ్యిలోంచి ఒక్కో కణిక తెచ్చారు.

"మా తాలూకా," అన్నారు అందరూ.

ఇప్పుడు ముసురువలసలో గ్యాసు పొయ్యిలు. మావాళ్ళ అనుమానం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరైనా కొత్తగా కాపురం దిగితే సామాను దించినంతసేపూ కిటికీలోంచి చూస్తారు. కానీ ఎవరి తాలూకా అని అడగరు. ఒక అగ్గిపెట్టె తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెడతారు. సాయంత్రం పొయ్యి ముట్టించేటప్పుడు ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు మెల్లగా, "రా, కూచో," అంటారు.