అన్నమంటే ఉత్త అన్నమే

అనగనగా, ఏరు పారినంత మేరా వరి పండే ఒక రాజ్యం. దాని రాణి హేమవతి. ఆమెకు బెబ్బులి అని ఒక కుక్క. పేరుకే బెబ్బులి, పిల్లి ఎదురైనా పక్కకు తప్పుకునేది! కానీ ఏట్లో కొట్టుకుపోతున్న చిన్ని రాకుమారుణ్ణి అంగీ పట్టి ఒడ్డుకు లాగింది మాత్రం అదే. ఆనాటి నుంచి రాణికి అది రెండో కొడుకు.

ఒకరోజు పశువైద్యుడు సోమదత్తుడు కోటకు వచ్చాడు.

"వైద్యులవారూ, మనం తినే గింజలు దీనికి పడతాయా?" అని అడిగింది రాణి.

"నిక్షేపంగా పడతాయి! అన్నం పెట్టండమ్మా" అనేసి, ఆయన తన ఊరి దారి పట్టాడు.

ఇంకేం! రాణి తన చేత్తోనే వడ్డించింది. మొదటిరోజు ఉల్లిపాయల పులుసు కలిపిన అన్నం. మర్నాడు ఘాటైన పులిహోర. ఆ మర్నాడు ఎండుద్రాక్షలు దండిగా వేసిన పరమాన్నం. బెబ్బులి లొట్టలేసుకుంటూ విస్తరి కూడా నాకేసింది. ఆ తర్వాత తిన్నదంతా కక్కేసింది. చిగుళ్ళు పాలిపోయి, లేవలేక కూలబడింది.

రాజుగారు పెదవి విరిచారు. "కుక్కకు గింజ పడదని తేలిపోయిందిగా. ఇక ఆశ వదులుకో రాణీ."

"వదలను ప్రభూ! నా చేత్తో పెట్టి పడగొట్టాను. నా చేత్తోనే లేపుతాను."

మండుటెండలో బెబ్బులిని బండిలో పడుకోబెట్టుకుని వైద్యుడి ఊరికి బయలుదేరింది.

"ఏమేం పెట్టారు తల్లీ?" అన్నాడు సోమదత్తుడు.

చెప్పడానికి రాణికి సిగ్గేసింది. అయినా ఒక్కటీ దాచకుండా చెప్పింది. వైద్యుడు తల పట్టుకున్నాడు.

"అయ్యో అయ్యో! నేను అన్నమన్నది ఉత్త అన్నాన్నమ్మా!"

"అన్నం తిన్నావా అంటే పులుసూ పాయసమూ అన్నీ అందులోకే వస్తాయి కదండీ!"

"మనకు వస్తాయి, కుక్కకు రావు. విడమరిచి చెప్పకపోవడం నా తప్పే. ఉల్లి కుక్క నెత్తురును చెరుస్తుంది, ఎండుద్రాక్ష మూత్రపిండాలను చెరుస్తుంది. వరైనా, జొన్నైనా, రాగైనా మెత్తగా ఉడికించి, ఉప్పూ కారం లేకుండా కొంచెం కొంచెంగా పెడితే ఏ భయమూ లేదు."

మందు పోశాడు. నీళ్ళు తాగించాడు. కడుపు కుదుటపడ్డాక ఉత్త గంజి మాత్రమే పట్టమన్నాడు.

కోటకు తిరిగొచ్చి రాణి గంజిగిన్నెతో బెబ్బులి పక్కనే కూర్చుంది. వంటామె వచ్చి, "మరీ ఇంత చప్పగానా అమ్మా? చిటికెడు ఉప్పేస్తాను" అంది. "వద్దు" అంది రాణి. రాకుమారుడు తన పాయసం తెచ్చాడు. "వద్దు నాన్నా" అంది. చివరికి రాజుగారికే జాలేసింది. "పాపం, నోరు చచ్చిపోయుంటుంది. ఒక్క ముద్ద పులుసన్నం..." అంటూ ముద్ద పట్టుకుని చెయ్యి చాచారు.

రాణి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పరిచారికలు నివ్వెరపోయారు. రాజు చెయ్యి పట్టి ఆపడమంటే మాటలా!

"ప్రభూ, ఈ ముద్ద పెడితే మీ మనసు చల్లబడుతుంది. దాని ప్రాణం పోతుంది."

రాజుగారు ముద్ద దించేశారు. కాసేపటికి బెబ్బులి మెల్లగా తలెత్తింది. ఆ చప్పిడి గంజిని గతుకుతూ, తోక ఒక్కసారి ఆడించింది. రాణి భోరున ఏడ్చేసింది.

చూశారా పిల్లలూ, ప్రేమతో పెడితే చాలదు. తినేవారికి ఏది పడుతుందో తెలుసుకుని పెట్టడమే అసలైన ప్రేమ.