ఉదరవిశ్రాంతి

కరువొచ్చిన ఏడాది, "ఆకలి" అన్న మాట పలికినవాళ్ళకు కొరడాదెబ్బలు తప్పవని రాజు చాటింపు వేయించాడు. దానికి బదులు "ఉదరవిశ్రాంతి" అనే మాట పుట్టించి ఆస్థాన పండితుడు శాలువా కప్పించుకున్నాడు.

రాజుగారి వంటమనిషి పోలమ్మకు ఆ మాట వింటేనే ప్రాణం విసిగిపోయేది. ఆమె చెల్లెలు పిల్లల్ని వెంటబెట్టుకుని రాజుగారి ధాన్యపు గాదె దగ్గరికి వెళ్ళి, ఉదరవిశ్రాంతిగా ఉంది, నాలుగు గింజలు ఇప్పించమని అడిగింది. "విశ్రాంతిలో ఉన్న కడుపుకు గింజలెందుకు?" అని అధికారి వెనక్కి పంపేశాడు.

ఒక మధ్యాహ్నం రాజు వేట నుంచి వచ్చి పీట మీద కూలబడ్డాడు.

"పోలమ్మా, ఉదరవిశ్రాంతి తట్టుకోలేకపోతున్నాం. తొందరగా వడ్డించు."

పోలమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది.

"అదేమిటి?"

"విశ్రాంతిలో ఉన్న కడుపుకు అన్నమెందుకు ప్రభూ? గాదె దగ్గర మీ అధికారి అందరికీ చెబుతున్నది అదే," అంది నీరసంగా.

రాజు మూతవంక చూశాడు, తలుపువంక చూశాడు. చివరికి గొంతు తగ్గించి, "ఆకలేస్తోంది," అన్నాడు.

పోలమ్మ మూత తీసి వడ్డించింది.

"ఈ మూతంటే నేను తీశాను ప్రభూ. గాదె తలుపు తెరుచుకోవాలంటే, తిన్నాక ఆ మాట అక్కడికెళ్ళి మీరే అనాలి."