కిటికీ కింద పడ్డ ముద్ద

పరాంకుశ స్వామిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి తెలిసి కూడా నరహరి ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు: "స్వామీ, నాకు అనుమానం జాస్తి. ఇది పోయే దారేమిటి?" నరహరి ఎక్సైజు శాఖలో చేసి రిటైరైన మనిషి. గుళ్ళో తీర్థం పోసినా వాసన చూసి గానీ పుచ్చుకోడు. స్వామి, రేపటి నుంచి సత్రంలో భోజనాలు నువ్వే అందించు అన్నారు.

స్వామి ఆశ్రమాన్ని ఆనుకుని ఉన్న ఆ సత్రంలో, పట్నానికి క్యాన్సరు వైద్యం కోసం వచ్చే పేదవాళ్ళు దిగుతారు. అప్పుడు నేతపని చేసే చౌడయ్య, అతని భార్య రామలింగమ్మ ఉన్నారు. చౌడయ్యకు పేగులో క్యాన్సరు. ఇంకా బరువు తగ్గితే ఒళ్ళు తట్టుకోదు, మందు ఎక్కించడం ఆపేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి రామలింగమ్మకు గుండెల్లో రాయి పడింది.

నరహరి కేరేజీ నిండా తీసుకెళ్ళేవాడు, అది ఖాళీగా తిరిగొచ్చేది. మనిషి మాత్రం పుల్లలా అయిపోతున్నాడు. మరి ఆ తిండంతా ఎక్కడికి పోతున్నట్టు? భర్త తిన్న కంచంలోనే తాను వడ్డించుకుని తినడం రామలింగమ్మ అలవాటు. ఆయన తినందే మెతుకు ముట్టదు. తలుపు చాటున ఆమె గబగబా తినడం నరహరి ఒకటి రెండుసార్లు చూశాడు. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాడు. మొగుడి నోటి దగ్గర కూడు లాక్కుని తింటోందని అతనికి ఒళ్ళు మండిపోయింది. తింటుండగా పట్టుకోవాలని మర్నాడు మధ్యాహ్నం వెనక కిటికీ కింద నక్కాడు. అక్కడ ఒక కుక్క అప్పటికే తోక ఊపుతూ కూర్చుని ఉంది. బాగా బలిసిన కుక్క. నరహరి దాన్ని పట్టించుకోలేదు.

లోపల రామలింగమ్మ మజ్జిగ తేవడానికి లేచిన అలికిడయింది. మరుక్షణం పప్పన్నం ముద్ద ఒకటి కిటికీలోంచి వచ్చి నరహరి భుజం మీద పడింది. తలెత్తి చూస్తే చౌడయ్య చెయ్యి.

భుజం మీది మెతుకులతోనే నరహరి లోపలికెళ్ళి చౌడయ్యను నిలదీశాడు. రామలింగమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి అంతా వింది. ఇన్నాళ్ళూ డాక్టరు అడిగినప్పుడల్లా, కంచం ఖాళీ చేస్తున్నాడండీ అని చెప్పింది ఆవిడే. చౌడయ్య తల దించుకున్నాడు.

"ముద్ద పెట్టుకుంటే ఇనుము నమిలినట్టుంటదయ్యా. ఉడుకన్నం వాసనకే కడుపులో తిప్పుద్ది. నేను తినందే ఇది తినదు. ఆకలి సచ్చింది నాకు గానీ దానికి కాదు గదా."

రామలింగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నరహరికి ఆవిడ మొహం చూడాలంటే సిగ్గేసింది.

కబురందుకుని స్వామి వచ్చారు. చౌడయ్య జబ్బకు కట్టిన తాయెత్తు మోచేతి దాకా జారి ఉంది. దాన్ని పైకి జరిపారు, అది మళ్ళీ కిందికి జారింది. రామలింగమ్మను మొగుడి ఎదురుగానే ముందు తినమన్నారు. ఆవిడ ససేమిరా అంది. నువ్వు ముందు తింటేనే అతను నీతో అబద్ధమాడే పని తప్పుతుందన్నాక కూర్చుంది. స్టీలు కంచం తీసేసి, ఆకు దొప్పలో చల్లారిన పెరుగన్నం నాలుగు ముద్దలంత పెట్టించారు. ఆకలి కోసం చూడకుండా గంటకో రెండు గంటలకో ఇంతింత పెట్టమన్నారు. ఇనుము రుచి సంగతి, కడుపులో తిప్పే సంగతి ఒక్కటీ దాచకుండా డాక్టరుతో చెప్పమన్నారు. చెప్పారు. డాక్టరు వికారానికి మాత్రలు మార్చి, పాలల్లో కలుపుకునే పొడి రాసిచ్చాడు. తరువాతి తూకంలో ముల్లు కిందికి దిగలేదు. మందు ఎక్కించారు.

అదంతా తరువాతి సంగతి. ముద్ద పడిన నాటి సాయంత్రమే నరహరి స్వామి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. పాడు అనుమానంతో ఒక ఇల్లాలిని దొంగను చేశాను, దీన్ని ఇకనైనా వదిలించండి అని వేడుకున్నాడు.

స్వామి అతని భుజం మీద ఎండిపోయిన పప్పు మరకను గోటితో గీకారు.

"తప్పు నీ అనుమానం ఎక్కువవడం వల్ల కాదు నాయనా. ఆ కుక్క ఎందుకు బలిసిందని అడగకుండా అది ఆమె దగ్గరే ఆగిపోయింది."