మచ్చడు నేర్చుకున్న కొత్త పని

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, వీళ్ళకసలు ఊరే లేదే నా తల్లీ. కోతలైపోయిన వరి చేలల్లో బాతుల్ని మేపుకుంటూ, ఈ కాలవ గట్టు నుంచి ఆ కాలవ గట్టుకి పోయే మనుషులు. వాళ్ళలో చెంచమ్మ అని ఒక పెద్దావిడ. ఆవిడకి అంకయ్య అని ఒక కొడుకు, ఆరువందల బాతులు, మచ్చడు అని ఒక కుక్క.

మచ్చడు వయసులో ఉన్నప్పుడు నక్క ఆ ఛాయలకు రావాలంటేనే హడలి చచ్చేది. ఇప్పుడేమో మూతంతా నెరిసిపోయింది. మొన్న నక్క వచ్చి ఒక బాతుని పట్టుకుపోతుంటే, వీడు లేచి నిలబడేసరికే అది చేను దాటిపోయింది.

అప్పుడు అంకయ్యకి కోపం వచ్చింది. "మా, ఇంక వీడితో పనిగాదు. నాలుగో నాడు కాలవ దాటతాం గదా. వీడు ఈదలేడు. ఈడనే వదిలేసి, అవతల ఒక కుక్కపిల్లని తెచ్చుకుందాం" అన్నాడు.

చెంచమ్మ గుండె కలుక్కుమంది. పదేళ్ళుగా తన కాళ్ళ దగ్గర పడుకున్న కుక్కాయె. కానీ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదులే ఆవిడ. "కాళ్ళు పోయినాయి గానీ ముక్కు పోలేదు గదరా వాడికి! నాకు మూడు దినాలియ్యి" అంది.

ఏం చేద్దామనుకుందో తెలుసా? బాతులన్నీ బుద్ధిగా ఒకచోట గుడ్లు పెట్టవు. కొన్ని పొగరుబోతులు ఏ గడ్డి దుబ్బులోనో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చేస్తాయి. ఆ గుడ్లు ఎవరికీ దొరకవు. వాటిని వెతకడం మచ్చడికి నేర్పుదామనుకుంది. వినగానే అంకయ్య నెత్తి కొట్టుకున్నాడు. బాతులవాళ్ళు కుక్కని గుడ్డు వాసన కూడా చూడనివ్వరు మరి! రుచి మరిగిందంటే కొంప మునిగినట్టే.

మొదటి రోజు చెంచమ్మ గడ్డిలో ఒక గుడ్డు దాచి, "వెతుకు నాయనా" అంది. మచ్చడు వాసన పట్టుకుంటూ పోయాడు. గుడ్డు కనిపెట్టాడు. పెంకుతో సహా మింగేసి, మూతి నాక్కుంటూ వచ్చాడు. అంకయ్య అమ్మ వైపు ఒక చూపు చూశాడు.

ఆ తర్వాత రెండో రోజు చెంచమ్మ కొంగున ఎండుచేప ముక్కలు కట్టుకుంది. మచ్చడు గుడ్డు మీద మూతి పెట్టబోగానే "ఊఁ!" అని గద్దించి, చేపముక్క చూపించింది. వాడు ఒకసారి గుడ్డు వైపు, ఒకసారి చేప వైపు చూసి, చేపకే వచ్చాడు. బాగుంది కదా? కానీ వెధవకి సంబరం ఎక్కువైపోయి, గుడ్డు కనపడ్డప్పుడల్లా భౌభౌమని ఒకటే అరుపు! బాతులు బెదిరి చేలన్నీ పడి పారిపోయాయి. వాటిని మళ్ళీ తోలుకొచ్చేసరికి అంకయ్యకి తాతలు దిగొచ్చారు.

"చాలు మా, ఇంక ఆపు!"

"ఇంకా ఒక దినం ఉండాది" అంది చెంచమ్మ.

మూడో రోజు అరిస్తే చేప లేదు. నోరు మూసుకుని గుడ్డు ముందు కూర్చుంటేనే చేప. ఎండకి ఆవిడ నడుం పట్టేసింది, మచ్చడి నాలుక వేలాడిపోయింది. ఇద్దరూ ముసలివాళ్ళే, ఇద్దరూ మొండివాళ్ళే. కాసేపు నీడన పడుకోవడం, మళ్ళీ లేవడం. పొద్దు వాలుతుండగా మచ్చడు ఒక దుబ్బు దగ్గర ఆగాడు. అరవబోయి, ఆపుకున్నాడు. మెల్లిగా కూర్చున్నాడు. చెంచమ్మ వాడి మెడ కావలించుకుని ఏడ్చేసింది.

అంకయ్య మాత్రం కరగలేదు. "నువ్వే దాచి, నువ్వే తీయిస్తే అది పనెట్టా అవుతుంది మా?" అన్నాడు.

నాలుగో నాడు పొద్దున్నే బాతుల్ని కాలవలోకి తోలారు. చూస్తే మచ్చడు లేడు. పిలిచారు, రాలేదు. అల్లంత దూరాన జమ్ము పొద ముందు కూర్చుని ఉన్నాడు.

"చూడు, లేవను కూడా లేవలేకుండాడు" అంటూ అంకయ్య పోయి మెడ పట్టి లాగాడు. మచ్చడు కదల్లేదు, మెదల్లేదు, కుయ్యిమనలేదు.

"వాణ్ణి లాగబాకరా, ఆ జమ్ము పక్కకి జరుపు" అంది చెంచమ్మ. ఆ పొదలో ఆవిడ ఏ గుడ్డూ దాచలేదు మరి.

అంకయ్య జమ్ము జరిపాడు. లోపల తెల్లగా ఇరవై మూడు గుడ్లు! ఒక్కటీ చితకలేదు. మచ్చడి మూతికీ గుడ్లకీ మధ్య జానెడే దూరం. చొంగ కారిపోతోంది పాపం, అయినా చెంచమ్మ కొంగు వైపే చూస్తున్నాడు.

అంకయ్య ఆ గుడ్లన్నీ ఏరి బుట్టలో పెట్టాడు. ఆ తర్వాత లుంగీ ఎగ్గట్టి, మచ్చడి ముందు గొంతుక్కూర్చుని వీపు చూపించాడు. "ఎక్కు తాతా" అన్నాడు.

రొమ్ము లోతు నీళ్ళల్లో వాణ్ణి మోసుకుంటూ కాలవ దాటాడు. వెనకాల చెంచమ్మ, నెత్తిన గుడ్ల బుట్ట.

బాతులన్నీ గట్టు మీదికి,
గుడ్లన్నీ బుట్ట లోపలికి,
ముసలి మచ్చడు భుజం మీదికి,
కథేమో నడిచెళ్ళి కంచికి,
నువ్వేమో దుప్పటి లోపలికి!