పనులు ఎగ్గొట్టే రాజకుమారుడు

అనగనగా, మీ తాతగారి తాతగారికి పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, నెమలిగిరి రాజ్యాన్ని ధవళకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు పేరు సుకేతుడు. అందగాడు, మాటకారి, మనసు వెన్న. పని అంటే మాత్రం ఆమడ దూరం పరిగెత్తేవాడు.

కత్తిసాము గురువు, "పాఠం ఎగ్గొడతాడు" అనేవాడు. మంత్రి, "ఏ సంగతీ తేల్చడు, దాటవేస్తాడు" అనేవాడు. వంటశాలలో అవ్వ, "కళ్ళముందే ఉంటాడు, చూస్తుండగానే జారుకుంటాడు" అనేది. ఏడేళ్ళ చెల్లెలు తారావళి, "అన్నయ్య పనిదొంగ!" అని చప్పట్లు కొట్టేది. అందరికీ తలా ఒక మాట దొరికింది. రాణి మాత్రం, "పాపం, బిడ్డ అలిసిపోయాడు" అనేది.

రాచకొడుకైనా సరే తన గుర్రాన్ని తానే చూసుకోవాలని ఆ రాజ్యంలో ఆచారం. ఒకనాడు గుర్రాన్ని తోమాల్సిన వేళకి సుకేతుడు తోటలో నక్కి కూర్చున్నాడు. పొదల్లోంచి ఒక పొడుగాటి మనిషి బయటికొచ్చాడు. గడ్డం మోకాళ్ళదాకా ఉంది.

"రాకుమారా, నీకెందుకీ తిప్పలు? 'నా పని నువ్వు చెయ్యి' అని ఒక్క మాట అను. నేను చేసిపెడతాను. కూలి కూడా వద్దు."

"అంతేనా? నా పని నువ్వు చెయ్యి!"

వాడు గండకుడనే మాంత్రికుడు. ఎవరి పని పుచ్చుకుంటే, ఆ పని ఎవరికోసమో వాళ్ళు వాడి వశమైపోతారు. మర్నాడు గుర్రం సుకేతుణ్ణి గుర్తుపట్టలేదు. మాంత్రికుడి వెంట వెళ్ళిపోయింది. "పోతే పోయింది, తోమే బాధ తప్పింది" అనుకున్నాడు సుకేతుడు.

కొన్నాళ్ళకు రాజు, "నాయనా, ఇవాళ నువ్వు కొలువులో కూర్చుని ప్రజల మొర ఆలకించు" అన్నాడు. సుకేతుడు మళ్ళీ ఆ మాటే అన్నాడు, మాంత్రికుడు మళ్ళీ ఆ పని చేశాడు. సాయంత్రం సుకేతుడు వీధిలోకి వెళ్తే ఒక్కరూ పలకరించలేదు. ఎవరో దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూశారు. "మంచిదే, గొడవ లేదు" అనుకున్నాడు.

ముచ్చటగా మూడోసారి. రాజూ రాణీ పుణ్యస్నానాలకు వెళ్తూ, "చెల్లెలు జాగ్రత్త నాయనా" అని అప్పగించి వెళ్ళారు. తారావళి ఊరుకుంటుందా? "అన్నయ్యా, ఉయ్యాల ఊపు. అన్నయ్యా, కథ చెప్పు. అన్నయ్యా, జడ ఊడిపోయింది!" సుకేతుడికి విసుగొచ్చింది. కిటికీలోంచి గడ్డం తొంగిచూసింది. మళ్ళీ ఆ మాటే నోరు జారింది.

అంతే! మాంత్రికుడు పిల్లను భుజాన వేసుకుని ఆకాశానికి ఎగిరాడు. "అన్నయ్యా!" అన్న కేక మబ్బుల్లో కలిసిపోయింది.

సుకేతుడు ఆ కేక వెంట పరిగెత్తాడు. మంత్రి పరుగున వచ్చి, "సైన్యాన్ని పంపుదాం, తమరు విశ్రమించండి" అన్నాడు. "సరే, మీరే చూడండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సుకేతుడు దాన్ని మింగేశాడు.

"పోగొట్టింది నేను. తెచ్చేదీ నేనే" అని బయల్దేరాడు.

నడిచి నడిచి సముద్రపు ఒడ్డుకు చేరాడు. అక్కడ కొండంత పక్షి ఒకటి గూట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?"

"గుడ్లు వదిలితే చల్లబడి పాడైపోతాయి, వదలకపోతే దప్పికతో నేను పోతాను. కాసేపు కూర్చోమని అడిగితే నక్క రేపొస్తానంది. కోతి నడుం నొప్పంది. కాకి ఇదిగో వస్తున్నానని వెళ్ళి మళ్ళీ కనబడలేదు."

ఆ సాకులన్నీ సుకేతుడివే! సిగ్గుపడ్డాడు. పక్షిని దూరాన ఉన్న మంచినీళ్ళకి పంపి, గూడెక్కి మూడు గుడ్లనూ ఒళ్ళో పొదువుకుని కూర్చున్నాడు. ఎండ మాడ్చింది. కదల్లేదు. వాన ముంచింది. కదల్లేదు. గాలి గూటిని ఊపేసింది. లేచి పారిపోదామా అనిపించింది. కానీ గుడ్డు లోపల టకటకమని చప్పుడైంది. ఇంకా గట్టిగా పొదువుకున్నాడు. మూడు గుడ్లూ పగిలి మూడు పిల్లలు బయటికొచ్చి, అతని మొహంలోకి చూసి, "అమ్మా!" అన్నాయి.

తల్లిపక్షి వచ్చి ఆ వేడుక చూసి కడుపుబ్బ నవ్వింది. సుకేతుడి గోడు విని, అతణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించి మాంత్రికుడు ఉండే దీవిలో దింపింది.

అక్కడొక అమ్మాయి బావిలో నీళ్ళు తోడుతోంది. ఆమె పేరు విద్యుల్లత, ఒక రాజు కూతురు. "నాకు సంబంధాలు వెతికి వెతికి మా నాన్న విసిగిపోయాడు. ఆ పని మాంత్రికుడికి అప్పగించాడు. ఇదిగో, ఇలా వచ్చిపడ్డాను" అంది. తర్వాత గొంతు తగ్గించి, "వీడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. అన్ని పనులూ మాచేత చేయిస్తాడు గాని, చిలుకను మాత్రం వాడే చూసుకోవాలి. ఆ పని తనది కానివాడు ముట్టుకుంటే రాయైపోతాడు" అని చెప్పింది.

సుకేతుడు నవ్వాడు. "పని తప్పించుకోవడంలో నన్ను మించినవాడు లేడు. ఆ విద్యేదో వాడికే నేర్పుతాను."

తిన్నగా మాంత్రికుడి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"చెల్లెలి కోసం వచ్చావా?" అని గర్జించాడు గండకుడు.

"అబ్బే! అక్కడుంటే పనులు చెప్తున్నారు. ఇక్కడైతే హాయిగా పడుకోవచ్చని వచ్చాను."

మాంత్రికుడు పకపకా నవ్వి ఉండనిచ్చాడు. మూల నుంచి ఈ మాట విన్న తారావళి మొహం తిప్పేసుకుంది. సుకేతుడు అది చూశాడు. అయినా చూడనట్టే చాప పరుచుకున్నాడు.

మాంత్రికుడు చిలుకకు దానిమ్మగింజలు ఒక్కొక్కటే ఒలిచి తినిపిస్తుంటే, సుకేతుడు చాప మీద వెల్లకిలా పడుకుని పాట పాడాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఏమీ చెయ్యట్లేదు స్వామీ. ఎంత బాగుంటుందో! ఆ పండు ఒలవకుండా పెట్టండి, అదే తింటుంది. దీన్ని ఒళ్ళు దాచుకోవడం అంటారు."

మాంత్రికుడు అలాగే చేశాడు. నిజమే, ప్రాణం సుఖంగా ఉంది.

మర్నాడు చిలుకకు స్నానం. "రేపు చేయిస్తే కొంపలంటుకుంటాయా? దీన్ని వాయిదా వెయ్యడం అంటారు" అన్నాడు సుకేతుడు. మాంత్రికుడు స్నానం మానిపించి కమ్మగా కునుకు తీశాడు. వందల ఏళ్ళలో అదే వాడి మొదటి కునుకు.

మూడోనాడు మాంత్రికుడు చాప మీంచి లేవనేలేదు. చిలుక ఆకలితో కీచుకీచుమంది.

"అబ్బ, లేవాలంటే బద్ధకంగా ఉందిరా. ఇంకేదైనా ఉపాయం ఉందా?"

"లేకేం! ఎదుటివాడి నెత్తిన రుద్దెయ్యడమే. ఎలాగో మీకు నేను చెప్పాలా స్వామీ?"

మాంత్రికుడు ఆవులిస్తూ, కళ్ళు మూసుకునే, "సరేలే, నా పని నువ్వు చెయ్యి" అన్నాడు.

సుకేతుడు ఎగిరి పంజరం అందుకున్నాడు. రాయి కాలేదు! చిలుక బుద్ధిగా అతని చేతి మీద వాలింది. మాంత్రికుడు అదిరిపడి లేచి, సుకేతుడి కాళ్ళ మీద పడ్డాడు. "బాబ్బాబు, దాని మెడ నులమకు! ఏం కావాలంటే అదిస్తాను."

"ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నావో అన్నీ వదిలెయ్యి!"

"వదిలేశాను, వదిలేశాను!" అని అరిచాడు మాంత్రికుడు. గుర్రం సకిలిస్తూ వచ్చి సుకేతుడి భుజం నాకింది. అవతల నెమలిగిరి వీధుల్లో జనం, "మన రాకుమారుడేడీ?" అని ఒకరినొకరు అడిగారు. తారావళి వచ్చి అన్న చెయ్యి చటుక్కున కొరికింది. ఆ తర్వాత మెడను కావలించుకుని వదల్లేదు.

సుకేతుడు చిలుకకు కడుపునిండా గింజలు తినిపించి, ఆకాశంలోకి వదిలాడు. "నీ ప్రాణం వెంట ఇక నువ్వే తిరుగు!" అన్నాడు. చిలుక తుర్రుమంది. మాంత్రికుడు గడ్డం ఎగేసుకుని, "ఆగవే తల్లీ, ఆగవే!" అంటూ దాని వెంట పరుగందుకున్నాడు. ఇప్పటికీ ఏదో అడవిలో పరిగెడుతూనే ఉన్నాడట!

సుకేతుడు విద్యుల్లత వైపు తిరిగాడు. "మీ నాన్నగారు విసిగిపోయారన్నావు. నన్ను చూపిస్తే కాస్త తేలికపడతారేమో?"

"ఆయన సంగతి తర్వాత. ముందు నన్నడగండి" అంది విద్యుల్లత. అడిగాడు. ఆమె నవ్వి ఒప్పుకుంది.

తల్లిపక్షి మళ్ళీ వచ్చి అందరినీ వీపున ఎక్కించుకుని ఇల్లు చేర్చింది. నెమలిగిరిలో అయిదు రోజుల పెళ్ళి ఆకాశమంత పందిట్లో జరిగింది. తర్వాత సుకేతుడు రాజై చాలాకాలం ఏలాడు. జుట్టు దూదిలా నెరిసాక కూడా, వానపడే రోజున విద్యుల్లత, "ఈ పూటకి కొలువు మానెయ్యరాదూ?" అనేది. "ఈ వానలో తడిసి ఎవరైనా వచ్చి ఉంటే?" అనేవాడాయన. అయితే నేనూ వస్తానని ఆమె గొడుగు తీసేది. ముసలి రాజూ ముసలి రాణీ ఒకే గొడుగు కింద, బురదలో ఒకరినొకరు పట్టుకుని నవ్వుకుంటూ కొలువుకి వెళ్తుంటే, నెమలిగిరి జనం అరుగుల మీద నిలబడి కళ్ళారా చూసేవాళ్ళు.